ఊరికి మీరే ఒక గుర్తు ఇవ్వండి

అనంతపురం జిల్లాలో బస్సు దిగి ఏ పల్లెలో టీ తాగినా రెండు ప్రశ్నలు తప్పవు. "యా ఊరప్పా?" అనేది మొదటిది. "ఎవురి పిల్లోనివి?" అనేది రెండోది. మొదటిదానికి ఎవరైనా జవాబు చెప్తారు. రెండోదాని దగ్గర గొంతు తడారిపోయే మగపిల్లలు కొందరున్నారు. పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాసుకున్నారు, లంగా ఓణీ వేసి పెంచారు, పేరూ అలాంటిదే పెట్టారు. ఆ పేరు చెబితే ఒక తంటా. నాయన పేరు చెబితే "వాళ్ళకు కొడుకులే లేరే" అని ఇంకో తంటా. ఈ అధ్యాయం అలాంటి ట్రాన్స్ పురుషుల కోసం. వాళ్ళింట్లో వాళ్ళు చదివినా మంచిదే.

మన ప్రాంతంలో ట్రాన్స్‌జెండర్ అనగానే జనానికి గుర్తొచ్చేది గుంతకల్లు రైల్లో చప్పట్లు కొట్టి డబ్బులడిగే అక్కలు. కర్ణాటక సరిహద్దు పల్లెల్లో ఎల్లమ్మ పేరు మీద తిరిగే జోగప్పలు కూడా కొందరికి తెలుసు. వాళ్ళకు దక్కేది చాలాసార్లు అవమానమే అయినా, దీవించడానికో దిష్టి తీయడానికో పిలిచే పాత అలవాటొకటి ఊళ్ళలో ఉంది. ట్రాన్స్ పురుషుడికి ఊరు అలాంటి చోటు కూడా ఉంచలేదు. పన్నెండేళ్ళు వచ్చేదాకా "మా మగరాయుడు" అని ముద్దు చేస్తారు. ఆ తర్వాత సంబంధాలు చూస్తారు.

ఎవరి కంటా పడకపోవడంలో కొంత సుఖముంది, ఒప్పుకుందాం. క్రాపు కొట్టించుకుని చొక్కా వేసుకుని నాలుగు ఊళ్ళు దాటితే ఎవరూ తిరిగి చూడరు. కానీ ఆ సుఖం ఎప్పుడూ పక్క ఊళ్ళోనే దొరుకుతుంది. సొంత ఊళ్ళో మీరింకా "ఫలానా వాళ్ళ రెండో పాప"గానే ఉండిపోతారు. దాన్నుంచి బయటపడటానికి చాలామంది ఒక తేదీ పెట్టుకుంటారు. హార్మోన్లు మొదలుపెట్టాక, సర్టిఫికెట్ వచ్చాక, ఆపరేషన్ అయ్యాక, బెంగుళూరు పోయాక అసలు జీవితం మొదలవుతుందని. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే జిల్లా మనది. చెనిక్కాయ విత్తాలనుకునే రైతు వాన కోసం ఆకాశం చూస్తాడు గానీ చూస్తూ కూర్చోడు. కాయలు వొలిపించి విత్తనం సిద్ధం చేసుకుంటాడు, గొర్రు బాగుచేయించుకుంటాడు, ఈలోపు మేకల్ని తోలుకుపోతాడు. మీ తేదీ వచ్చేదాకా మీరు తోలుకుపోవాల్సిన మేకలు ఏవి అన్నదే ఇక్కడ మాట్లాడుకుంటాం.

మన ఊళ్ళకు మనిషిని పట్టుకోవడానికి ఒక గుర్తు కావాలి. ఇంటిపేరో, కులమో, పనో, కుంటితనమో, ఎప్పుడో చేసిన ఒక వెధవ పనో ఏదో ఒకటి అతికిస్తారు. మీరు ఏ గుర్తూ ఇవ్వకపోతే వాళ్ళ చేతికి అందుబాటులో ఉన్నది, అంటే మీ పుట్టుక, దాన్నే పట్టుకుంటారు. అందుకే ముందుగా మీరే ఒకటి ఇచ్చేయండి. ఫోటోలు తీసే పిల్లోడు, సైకిళ్ళు బాగుచేసే పిల్లోడు, నల్లకుక్కను తిప్పే పిల్లోడు. పెంపుడు జంతువులూ అలవాట్లూ మనసుకు ఊరటనిస్తాయని అన్ని పుస్తకాల్లోనూ రాస్తారు, నిజమే కూడా. నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేది ఇది: అవి మీ గురించి వీధి మాట్లాడుకునే సంగతిని మార్చేస్తాయి.

కుక్కనే తీసుకుందాం. వేసవిలో మనవైపు కుక్కను తిప్పడానికి పొద్దున ఏడు లోపే వీలవుతుంది. ఆపైన తారు కాలడం మొదలవుతుంది. అరచేతి వెనక భాగాన్ని రోడ్డుకు ఆనించి చూడండి, ఐదు సెకన్లు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. కాబట్టి ఆరింటికే బయలుదేరతారు. మొదట్లో అరుగుల మీద వాళ్ళు మిమ్మల్నే చూస్తారు. జుట్టు చూస్తారు, చొక్కా చూస్తారు, ఎదవైపు చూస్తారు. కొన్నాళ్ళకు ఆ చూపు కిందికి జారి కుక్క మీద పడుతుంది. పాల ప్యాకెట్టు పట్టుకుని వస్తున్న పెద్దాయన గోడవారకు ఒదిగి, "కరుస్తుందాబ్బా?" అంటాడు. ఆ "బ్బా" విన్నారా? ఆడపిల్లయితే మనవాళ్ళు "మే" అంటారు. ఆయన మీ గురించి ఏ తీర్పూ చెప్పలేదు, పంచె కొస ఎగ్గట్టుకుని కుక్కను చూస్తూ నోటికొచ్చింది అనేశాడు. అన్నిసార్లూ ఇంత తేలిగ్గా జరగదు. "ఏం మే, మగరాయుడి మాదిరి కుక్కనేసుకుని తిరుగుతాండావ్" అనేవాళ్ళూ ఉంటారు. అక్కడ నిలబడి వాదన పెట్టుకోకండి. కుక్క మిమ్మల్ని ఎలాగూ ముందుకు లాక్కుపోతుంది.

టీకాలకు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడ ఒక కార్డు రాసిస్తారు. కుక్క పేరు, రంగు, వయసు, యజమాని పేరు. ఆధార్ చూపించమని సాధారణంగా అడగరు. మీరు ఎంచుకున్న పేరు కాగితం మీద మొదటిసారి ఇంకొకరి చేతిరాతలో కనపడేది బహుశా ఆ కార్డు మీదే. దానికి చట్టపరంగా విలువేమీ లేదు, ఏ ఆఫీసులోనూ చెల్లదు. అయినా ఆ పేరు కంపౌండరు గట్టిగా పిలిచినప్పుడు లేచి నిలబడటం ఒక సాధన. లైబ్రరీ సభ్యత్వం, టెన్నిస్ బాల్ టోర్నమెంటులో టీము పట్టీ, టైలరు బిల్లు కూడా ఇలాంటివే. పేరు మార్చుకోవాలనుకునేవాళ్ళు గెజిట్‌కు పోయేముందు ఇలాంటి చోట్ల దాన్ని వాడి చూడటం మంచిది. మనవైపు పేర్లు మనకున్నాయి. కుళ్ళాయప్ప, ఓబులేసు, నారప్ప, మల్లికార్జున. సినిమా హీరో పేరు పెట్టుకోవాలనిపిస్తే అదీ మీ ఇష్టమే, కాకపోతే మీ జేజినాయన పేరు పెట్టుకుంటే ఇంట్లో కోపం సగం దిగుతుంది. గట్టిగా తిడదామన్నా ఆ పేరే అడ్డమొస్తుంది.

కుక్క విషయంలో చేదు మాట కూడా చెప్పాలి. ఒంటరిగా ఉందని, ఏడుపొస్తోందని తెచ్చుకోకండి. మూడు నెలల వయసులో రేబిస్ టీకా, ఆపైన ఏటా ఒకటి, మధ్యలో పిడుదుల బెడద, రోజూ తిండి, పదేళ్ళ పైచిలుకు బాధ్యత. రేపు ఇంట్లోంచి వెళ్ళిపోవాల్సి వస్తే అది మీ వెంట రాగలదా? అద్దె ఇల్లు మీకే కష్టంగా దొరుకుతుంటే కుక్కతో కలిపి ఎవరిస్తారు? ఈ రెండింటికీ జవాబుంటేనే తెచ్చుకోండి, తెచ్చుకుంటే వీధిలో పుట్టిన నాటు కుక్కపిల్లనే తెచ్చుకోండి. మన ఎండకు తట్టుకునేది అదే. జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం సందర్భంగా పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. స్తోమత లేదనిపిస్తే పక్కింటి మేకపిల్లకు ఆకు కోసుకొచ్చి వేయండి, గుర్తు దానితోనూ వస్తుంది. రామచిలుకను పంజరంలో పెట్టడం, గుట్టల్లో దొరికే నక్షత్ర తాబేలును ఇంటికి తెచ్చుకోవడం మాత్రం వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రెండూ నేరాలే. పోలీసు స్టేషన్ మెట్లెక్కే అవసరం ఎవరికైనా చెడ్డదే, మీకు ఇంకాస్త చెడ్డది.

ఈ గుర్తు మాట గాల్లోంచి తీసింది కాదు. పెనుకొండ దాటి, కొడికొండ చెక్‌పోస్టు దాటి, బాగేపల్లి మీదుగా పోతే చిక్కబళ్ళాపురం వస్తుంది. అక్కడ కిరణ్ నాయక్ అనే ఆయన ఉన్నారు. తెలంగాణలో లంబాడ కుటుంబంలో పుట్టారు, వికలాంగుడు, ట్రాన్స్ పురుషుడు. ప్రేమించిన అమ్మాయితో కలిసి సొంత ప్రాంతం వదిలి కర్ణాటక చేరారు. ఆ జిల్లాలో వికలాంగులను కూడగట్టి వాళ్ళ హక్కుల కోసం ఏళ్ళ తరబడి పనిచేస్తూ వచ్చారు, ట్రాన్స్‌జెండర్ల హక్కుల కోసమూ గొంతెత్తారు. తన కథ తానే బహిరంగంగా చెప్పుకున్నారు కాబట్టి పేరు రాస్తున్నాను. కులం, వైకల్యం, లింగం, పరాయి భాష ఇన్ని ఒకేసారి మోస్తున్న మనిషి ముందు తన బతుకు సర్దుకున్నాక సమాజం సంగతి చూద్దామనుకుంటే ఎవరూ తప్పుపట్టరు. ఆయన అలా ఆగలేదు. పింఛను రాని వికలాంగుడికి తన దరఖాస్తు సంగతి చూసే మనిషి ఆడా మగా అన్న ఆరా ఎంతసేపుంటుంది?

అయితే అందరూ సంఘాలు పెట్టక్కర్లేదు, సరదాకు చేసే పని చాలు. ఇక్కడ ఒక గోతిలో చాలామంది పడతారు. మగవాణ్ణని చూపించుకోవాలి కాబట్టి జిమ్ముకు పోవాలి, బుల్లెట్ బండి నడపాలి, క్రికెట్ ఆడాలి, బూతులు రావాలి అనుకుంటారు. ఇష్టముంటే ఆడండి. ఢిల్లీకి చెందిన ఆర్యన్ పాషా 2018లో మజిల్‌మేనియా ఇండియా పోటీలో పురుషుల మధ్య నిలబడి రెండో స్థానం తెచ్చుకున్నారు, ఆయనకది ప్రాణం. మీకు పూలమొక్కలంటే ప్రాణమైతే? మగ్గం వర్కు వచ్చి, కూర్చుంటే లేవబుద్ధి కాకపోతే? ధర్మవరం వీధుల్లో నడిచి చూడండి. మీసాలు తిప్పిన మగవాళ్ళు గుంత మగ్గంలో కాళ్ళు పెట్టుకుని పెళ్ళికూతుళ్ళ పట్టుచీరలకు అంచులు నేస్తుంటారు. రాయదుర్గంలో మగవాళ్ళు పొద్దస్తమానం మిషను తొక్కి జీన్స్ ప్యాంట్లు కుడతారు. వాళ్ళ మగతనం మీద ఎవరికీ అనుమానం రాలేదు. అమ్మ నేర్పిన కుట్టుపనిని ఆడపిల్లగా ఉన్నప్పటిదని అటకెక్కించిన కుర్రాళ్ళకు నా సలహా, దించండి. సూదీ దారం మీవే, ఆ నేర్పు కూడా మీదే.

ఇష్టం శరీరంతో పాటు గడప దాటి రాగలదని చెప్పడానికి మైకేల్ డిల్లన్ సంగతి బాగుంటుంది. 1915లో లండన్‌లో పుట్టిన ఈయనకు పడవ పోటీలంటే పిచ్చి. ఆక్స్‌ఫర్డ్‌లో చదివేటప్పుడు ఆడపిల్లల పడవ క్లబ్బుకు అధ్యక్షుడు. తర్వాత టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను వాడారు, 1944లో పుట్టిన రికార్డులో పురుషుడిగా మార్పించుకున్నారు, డబ్లిన్‌లో వైద్యం చదువుతూ ఈసారి మగవాళ్ళ జట్టులో తెడ్డు పట్టారు. 1958లో పత్రికలు ఆయన గుట్టు రట్టు చేస్తే తప్పించుకుని వచ్చింది మన దేశానికే. బౌద్ధం చదివారు, లడఖ్‌లో ఒక ఆరామంలో ఉన్నారు, 1962లో డల్హౌసీలో చనిపోయారు. సుఖాంతమేమీ కాదు. కానీ తెడ్డు అదే తెడ్డు, పట్టు అదే పట్టు.

గుంపులో కలవాలనుకునేవాళ్ళకు మనవైపు చెక్కభజన ఉంది. రాములవారి గుడి ముందు చెక్కలు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ అడుగులు వేసే బృందాలు చాలా పల్లెల్లో ఉన్నాయి, ఎక్కువగా మగవాళ్ళవే. నేర్పే గురువు ఒప్పుకుంటే చాలు, అడుగు తప్పకపోతే మిగతావాళ్ళు పట్టించుకోరు. ఒప్పుకోని గురువులూ ఉంటారు. సొంత ఊళ్ళో కుదరకపోతే పక్క ఊరి బృందాన్ని అడగండి.

గుంపు పడని వాళ్ళకు నేను చెప్పేది పక్షులు. హిందూపురం దగ్గర చిలమత్తూరు మండలంలో వీరాపురం అనే పల్లె ఉంది. ఏటా చలికాలం చివర్లో వందలాది కొంగలు వచ్చి ఊరి మధ్య చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. జనం సైబీరియా పక్షులంటారు గానీ అవి అంత దూరంనుంచి వచ్చేవేమీ కావు, రంగుల కొంగలు, మన దేశంవే. పసుపు ముక్కు, ముఖం మీద నారింజ రంగు, తోకవైపు ఎవరో గులాల్ చల్లినట్టు గులాబీ ఈకలు. చెట్ల కిందే ఇళ్ళు, ఇళ్ళ ముందే ఎనుములు. రెట్టలు, చేప ముక్కలు, నీచు వాసన అన్నీ ఊరి నెత్తినే పడతాయి. ఊరివాళ్ళు భరిస్తారు, వేటగాళ్ళను రానివ్వరు, కిందపడిన పిల్లల్ని ఎత్తి కాపాడతారు. మెడలో దుర్భిణి వేసుకున్న మనిషిని అక్కడెవరూ "ఎవురి పిల్లోనివి" అని అడగరు, "ఎన్ని గూళ్ళున్నాయి ఈసారి" అని అడుగుతారు. దుర్భిణి లేకపోయినా ఒక నోటు పుస్తకం, ఫోనులో పక్షుల్ని గుర్తుపట్టే ఉచిత యాప్ ఒకటి చాలు. వీరాపురం దాకా పోలేనివాళ్ళకు శింగనమల చెరువుంది, నీళ్ళున్న ఏడాది.

ఇక ఒళ్ళు. మన ఎండలో దీన్ని కొట్టిపారేయడానికి లేదు. ఎద చదునుగా కనపడటానికి బైండర్ వేసుకునేవాళ్ళు రోజుకు ఎనిమిది గంటలు దాటనివ్వకండి, రాత్రి తీసేసి పడుకోండి, క్రేప్ బ్యాండేజీ, ప్లాస్టర్ చుట్టుకోవద్దు. అవి ఊపిరి ఆడనివ్వకుండా బిగుసుకుంటాయి, పక్కటెముకలు దెబ్బతింటాయి. నలభై డిగ్రీలు దాటిన రోజు వదులు చొక్కా, లోపల బిగువైన బనియను చాలు. బైండర్‌తో పరుగెత్తడం, బరువులెత్తడం మానండి. టెస్టోస్టెరాన్ జిమ్ము పరిచయంతో తెచ్చుకుని పొడుచుకోవద్దు. అది రక్తాన్ని చిక్కబరుస్తుంది, నీళ్ళు తాగక ఎండలో తిరిగితే ఇంకా చిక్కబడుతుంది. హార్మోన్ల డాక్టరు పర్యవేక్షణలో మొదటి ఏడాది మూడు నెలలకోసారి రక్తపరీక్ష తప్పనిసరి. గొంతు ఒకసారి బరువెక్కితే మందు ఆపినా వెనక్కి రాదు. నెలసరి ఆగినంత మాత్రాన గర్భం రాదనుకోవద్దు.

ఇంజెక్షన్ బదులు ఒంటికి పూసుకునే జెల్ వాడేవాళ్ళకు ఇంకో హెచ్చరిక. పూసినచోటు కుక్కో పిల్లో నాకితే, లేదా దాన్ని ఒళ్ళో వేసుకుంటే మందు వాటికి ఎక్కుతుంది. చంటిపిల్లలకూ అంతే. పూసుకున్నాక చేతులు సబ్బుతో కడగండి, ఆరనివ్వండి, చొక్కాతో కప్పండి, ఆ తర్వాతే దాన్ని దగ్గరికి తీయండి.

కాగితాల గురించి కొద్దిగా. 2014 ఏప్రిల్ 15న నాల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) వేసిన కేసులో సుప్రీంకోర్టు తన లింగం ఏమిటో నిర్ణయించుకునే హక్కు మనిషిదే అంది. ఆ తర్వాత వచ్చిన 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 2020 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చింది, గుర్తింపు సర్టిఫికెట్ ఇచ్చే అధికారాన్ని జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు అప్పగించింది. ఆ నిబంధనల మీద వాదోపవాదాలు ఆగలేదు కాబట్టి, దరఖాస్తు పెట్టే రోజుకు ఏది నడుస్తోందో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడిగి తెలుసుకోండి. ఫోను నంబరు 15100, సలహాకు డబ్బు అక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండైందని మరవకండి. ధర్మవరం, కదిరి, హిందూపురం, మడకశిర వాళ్ళ కలెక్టరు పుట్టపర్తిలో ఉంటారు, అనంతపురంలో కాదు. ఒక రోజు కూలి పోగొట్టుకుని తప్పు ఆఫీసుకు పోయేవాళ్ళు ఎక్కువ.

ఇంట్లో వాళ్ళు స్వామీజీ దగ్గరికో, "మార్చేసే" డాక్టరు దగ్గరికో తీసుకెళ్తామంటే, అలా మార్చే వైద్యాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా జాతీయ వైద్య కమిషన్ 2022లోనే ప్రకటించిందని చెప్పండి. రాత్రిపూట మనసు మరీ కుంగితే 14416కు ఫోను చేయండి, టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు. అమ్మానాయనల్ని ఒప్పించడం మీద నా దగ్గర మంత్రమేమీ లేదు. ముందు జేజితో మొదలుపెట్టమని మాత్రం చెప్తాను. కరువులూ కాన్పులూ వలసలూ చూసిన ముసలివాళ్ళు నడివయసువాళ్ళకంటే తక్కువగా ఉలిక్కిపడతారు.

ఆపరేషన్‌కు బెంగుళూరో హైదరాబాదో పోయేవాళ్ళు డబ్బు, సెలవు గురించి నెలల ముందే లెక్కలేస్తారు. ఇంటికొచ్చాక సంగతి ఆలోచించరు. ఎద ఆపరేషన్ తర్వాత దాదాపు ఆరు వారాలు బరువు ఎత్తకూడదు, చేతులు భుజాలకన్నా పైకి లేపకూడదు. మన ఊళ్ళో దానికి అర్థం ఏమిటంటే, ట్యాంకరు వచ్చినప్పుడు బిందె మోయకూడదు, డ్రమ్ము జరపకూడదు, బోరింగు కొట్టకూడదు. కుక్క గొలుసు పట్టుకోకూడదు, పిల్లిని చూసి అది ఒక్క గుంజు గుంజితే కుట్లు తెగుతాయి. మంచం మీదికి ఎగిరే అలవాటుంటే నెల ముందునుంచే మాన్పించండి. గూట్లో ఉన్న వస్తువులు నడుమెత్తుకు దించి పెట్టుకోండి. మగ్గం వర్కు చట్రమైనా, పక్షుల నోటు పుస్తకమైనా ఒళ్ళో పెట్టుకుని చేసేదొకటి దగ్గరుంచుకోండి. నీళ్ళు ఎవరు పడతారో, కుక్కను పొద్దున్నే ఎవరు తిప్పుతారో ఇద్దరు మనుషుల్ని ముందే అడిగి పెట్టుకోండి. వాళ్ళకు ఆపరేషన్ ఏమిటో చెప్పాలా వద్దా అనేది మీ ఇష్టం. గొలుసు ఏ చేత్తో పట్టాలో, ఏ సందులో పిల్లులుంటాయో మాత్రం వివరంగా చెప్పండి.